గాజు కళాకారుల పని గురించి ఆర్కైవ్‌లలో వెతకడం ఎలా: మొదటి నోట్స్ నుంచి ఆఖరి ఫోల్డర్ దాకా

"ఫలానా గాజు కళాకారుడి డ్రాయింగులు, ఉత్తరాలు, ఆర్డర్ పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? పేరు కొడితే వేలంపాట ఫోటోలు తప్ప ఏమీ రావడం లేదు." ఈ ప్రశ్న చాలామంది అడిగారు. ఇన్నాళ్ళూ ముక్కలు ముక్కలుగా జవాబులు ఇస్తూ వచ్చాను, ఈసారి వరుసగా మొత్తం ఒకేచోట రాస్తున్నాను. స్టెయిన్డ్ గ్లాస్ కిటికీలు చేసినవాళ్ళైనా, ఊది చేసిన గాజు పాత్రల వాళ్ళైనా, దీపాల డిజైనర్లైనా పద్ధతి దాదాపు ఒకటే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. గాజు పని ఒక్క చేతి మీద నడిచేది కాదు. బొమ్మ గీసేది ఒకరు, గాజు కోసేది ఒకరు, రంగు వేసి కొలిమిలో పెట్టేది ఇంకొకరు, డబ్బిచ్చేది మరొకరు. కాగితాలు కూడా అలాగే నలుగురి దగ్గరా చెదిరిపోయి ఉంటాయి. కాబట్టి కళాకారుడి పేరు పట్టుకుని వెతికితే చాలదు. "ఈ కాగితం ఎవరికి అవసరం? ఎవరు దాచుకుని ఉంటారు?" అని ప్రతి అడుగులోనూ అడగాలి. కింద రాసిందంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

## 1. ముందు మీకేం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఆయన గురించి అంతా కావాలి" అంటే ఏ ఆర్కైవిస్టూ సాయం చేయలేరు. "1920ల్లో ఈ స్టూడియో చేసిన కిటికీల్లో ఈమె డిజైన్ చేసినవి ఏవి?" అని అడిగితే సాయం చేయగలరు. ప్రశ్నలో మూడు ఉండాలి: మనిషి లేదా స్టూడియో, కాలం, ఏ రకం రుజువు కావాలో.

మూడోదాన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ఎవరు చేశారో తేలాలంటే ఆర్డర్ పుస్తకం, జాబ్ కార్డ్ (స్టూడియోలో ఒక్కో పని వివరాలు రాసుకునే కార్డు) కావాలి. ఎలా చేశారో తెలియాలంటే గాజు కలిపే కొలతల పుస్తకం, కొలిమి నోట్స్ కావాలి. ఎందుకలా చేశారో తెలియాలంటే ఉత్తరాలు, ఇంటర్వ్యూలు. ఇవి మూడూ ఒకే పెట్టెలో దొరకడం చాలా అరుదు.

## 2. పేర్ల పట్టిక తయారు చేయండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఈ వరుసలు పెట్టండి:

- పూర్తి పేరు, ఇనిషియల్స్‌తో పేరు, పెళ్ళికి ముందు ఇంటిపేరు, పెళ్ళి తర్వాతి పేరు
- అన్ని స్పెల్లింగులు (అక్షరాల మీద చుక్కలు, గీతలు లాంటి గుర్తులు ఉన్నవి, లేనివి కూడా)
- పనిచేసిన స్టూడియోలు, ఫ్యాక్టరీలు, వాటి పాత పేర్లు, కొత్త పేర్లు
- భాగస్వాములు, గురువులు, శిష్యులు
- తెలిసిన ఆర్డర్లు: ఏ భవనం, ఏ ఊరు, ఏ సంవత్సరం
- భవనాల ఆర్కిటెక్టుల పేర్లు
- పాల్గొన్న ప్రదర్శనలు

పేర్ల రకాల కోసం గెట్టీ సంస్థ నడిపే కళాకారుల పేర్ల జాబితా (యూలాన్ అంటారు) ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంది. అందులో ఒకే మనిషికున్న రకరకాల పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. అక్కడ లేనంత మాత్రాన ఆ కళాకారుడికి కాగితాలు లేవని అనుకోకండి. స్టూడియోల్లో జీతానికి పనిచేసిన డిజైనర్లు చాలామంది ఇలాంటి జాబితాలకు ఎక్కనే లేదు.

ఆడవాళ్ళ విషయంలో ఈ పట్టిక మరీ ముఖ్యం. క్లారా డ్రిస్కాల్ (1861–1944) సంగతే చూడండి. న్యూయార్క్‌లో టిఫనీ స్టూడియోస్‌లో మహిళల గాజు కోత విభాగానికి ఆమె అధిపతి. స్టూడియో యజమాని లూయిస్ కంఫర్ట్ టిఫనీ పేరుతో లోకమంతా మెచ్చుకున్న దీపాల్లో చాలావాటి డిజైన్ ఆమెదని తెలిసింది ఆమె తన తల్లికి, అక్కచెల్లెళ్ళకు రాసిన ఉత్తరాల వల్ల. ఆ ఉత్తరాలు ఉన్నది ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో, న్యూయార్క్‌లోని క్వీన్స్ హిస్టారికల్ సొసైటీలో. గాజు మ్యూజియంలో కాదు! వాటి ఆధారంగానే 2007లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో పెద్ద ప్రదర్శన జరిగింది. "టిఫనీ" అని మాత్రమే వెతికి ఉంటే, ఇంట్లోవాళ్ళకు రాసిన ఆ ఉత్తరాల దగ్గరకు చేరడం ఎంత కష్టమో ఊహించండి.

## 3. వస్తువునే ముందు చదవండి

మీ దగ్గర వస్తువో దాని మంచి ఫోటోలో ఉంటే కాగితాల కంటే ముందు దాన్ని చూడాలి. అడుగు భాగం, అంచులు, కిటికీ అయితే కింది కుడి మూల. కాంతిని పక్క నుంచి పడేలా పెట్టి చూడండి, చెక్కిన సన్నటి గీతలు అప్పుడే బయటపడతాయి.

సంతకం కనబడగానే సంబరపడిపోకండి. సంతకానికి కాలం ఉంటుంది. ఫ్రెంచ్ గాజు కళాకారుడు రెనే లాలిక్ బతికున్నప్పటి ముక్కల మీద సాధారణంగా పేరుకు ముందు "ఆర్" అక్షరం ఉంటుంది, 1945లో ఆయన చనిపోయాక అది పోయింది. ఇంకో ఫ్రెంచ్ గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో చనిపోయాక కూడా ఫ్యాక్టరీ ఆయన పేరుతోనే ఏళ్ళ తరబడి నడిచింది. ఆయన పోయిన వెంటనే వచ్చిన ముక్కల్లో కొన్నిటి మీద పేరు పక్కన చిన్న నక్షత్రం కనిపిస్తుంది. ఈ ఇద్దరి సంతకాలకూ నకిలీలు విపరీతం. కాబట్టి సంతకాన్ని ఎక్కడ వెతకాలో చెప్పే సూచనగా మాత్రమే తీసుకోండి, తీర్పుగా కాదు.

బ్రిటిష్ గాజు మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉంటే మీ అదృష్టం బాగుంది. 1842 నుంచి 1883 వరకు రిజిస్టర్ చేసిన డిజైన్లకు ఆ గుర్తు వేసేవారు. పై భాగంలో ఉండే తరగతి అంకె గాజుకు 3, రోమన్ అంకెల్లో. లోపలి అక్షరాలూ అంకెలను బట్టి రిజిస్టర్ చేసిన తేదీ పట్టుకోవచ్చు. 1884 నుంచి వజ్రం పోయి వరుస నంబరు వచ్చింది. ఈ నంబర్లను ఎక్కడ వాడాలో 8వ అడుగులో చెబుతాను.

## 4. కాగితం ఎవరి చేతిలో మిగిలిందో ఊహించండి

నా లెక్కలో మొత్తం పనిలో ఇదే అసలు అడుగు. ఒక్కో పనికీ కింద ఉన్నవాళ్ళందరినీ గుర్తు చేసుకుని, పట్టికలో పక్కన పేర్లు నింపండి.

పని చేయించుకున్నవాళ్ళు. చర్చి, కోర్టు, బ్యాంకు, కాలేజీ, హోటల్. డబ్బు ఖర్చయిన చోట కమిటీ తీర్మానం, కొటేషన్, రశీదు, "రంగు మరీ ముదురుగా ఉంది" అని గొణుగుతూ రాసిన ఉత్తరం, అన్నీ ఉంటాయి. స్టూడియో కాగితాలు కాలిపోయినా ఇవి మిగులుతాయి.

ఆర్కిటెక్టులు. భవనం ప్లాన్‌లతో పాటు గాజు వాళ్ళతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు వాళ్ళ ఫైళ్ళలోనే ఉంటాయి. కేటలాగ్‌లో మాత్రం గాజు అన్న మాటే కనబడకపోవచ్చు.

స్టూడియో లేదా ఫ్యాక్టరీ. మూతపడినప్పుడు ఎవరు కొన్నారో చూడండి. కాగితాలు సాధారణంగా అటే వెళ్తాయి, లేదా దగ్గర్లోని మ్యూజియానికి. లండన్‌లోని జేమ్స్ పావెల్ అండ్ సన్స్ (వైట్‌ఫ్రయర్స్) 1980లో మూతపడింది. ఇప్పుడు వాళ్ళ రికార్డుల్లో ఒక భాగం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆధ్వర్యంలోని ఆర్ట్ అండ్ డిజైన్ ఆర్కైవ్‌లో, ఇంకో భాగం లండన్ మ్యూజియంలో ఉంది. ఒక చోట చూసి ఆగిపోతే సగం కథే తెలుస్తుంది.

కుటుంబం. ఉత్తరాలు, ఫోటోలు, డైరీలు. వీటి గురించి 9వ అడుగు.

చదువు చెప్పిన బడులు. ఆర్ట్ స్కూల్ హాజరు పట్టీలు, బహుమతుల జాబితాలు. చాలామంది ఇటు చూడరు.

గ్యాలరీలు, ప్రదర్శన నిర్వాహకులు. 1893 షికాగో, 1900 పారిస్, 1925 పారిస్ లాంటి పెద్ద ప్రదర్శనలకు ముద్రించిన కేటలాగ్‌లు ఉన్నాయి, వాటిలో చాలావరకు స్కాన్ అయి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి.

ఒకే కళాకారుడి కాగితాలు ఎలా చీలిపోతాయో చెప్పడానికి చార్లెస్ కానిక్ (1875–1945) మంచి ఉదాహరణ. బోస్టన్‌లో ఆయన స్టెయిన్డ్ గ్లాస్ స్టూడియో 1986 దాకా నడిచింది. స్టూడియో రికార్డులు కొన్ని బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి, కానిక్ ఫౌండేషన్ సేకరణ 2008లో ఎమ్ఐటీ లైబ్రరీలకు చేరింది. రెండూ ఒకే నగర పరిసరాల్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, అందరికీ అలా కుదరదు.

## 5. ఆన్‌లైన్ వెతుకులాటకు ఒక వరుస పెట్టుకోండి

అడ్డదిడ్డంగా వెతికితే చూసినదే మళ్ళీ చూస్తారు. నేను ఈ వరుసలో వెళ్తాను:

1. రేకో రీసెర్చ్ లైబ్రరీ. అమెరికాలో కార్నింగ్ మ్యూజియం ఆఫ్ గ్లాస్‌కు చెందినది. గాజు ఒక్కదాని మీదే ఇంత పెద్ద లైబ్రరీ ఇంకొకటి లేదనే చెప్పాలి. కళాకారుల ఫైళ్ళు, కంపెనీల అమ్మకపు కేటలాగ్‌లు, డిజైన్ డ్రాయింగులు అన్నీ ఉన్నాయి. గాజు గురించి ఎవరైనా ప్రశ్న పంపితే అక్కడి లైబ్రేరియన్లు జవాబిచ్చే సదుపాయం కూడా ఉంది.
2. ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్. స్మిత్సోనియన్‌లో భాగం. స్కాన్ చేసిన ఫోల్డర్లతో పాటు కళాకారుల ఇంటర్వ్యూల రాతప్రతులు ఉచితంగా చదవచ్చు. స్టూడియో గ్లాస్ ఉద్యమానికి (ఫ్యాక్టరీలో కాక కళాకారుడే తన స్టూడియోలో గాజు చేయడం) మూలపురుషుడైన హార్వీ లిటిల్‌టన్ ఇంటర్వ్యూ అందులో ఉంది.
3. ఆర్కైవ్‌గ్రిడ్, వరల్డ్‌క్యాట్. వేల సంస్థల సేకరణల వివరాలు ఒకేసారి వెతకొచ్చు.
4. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వారి డిస్కవరీ అనే కేటలాగ్, ఆర్కైవ్స్ పోర్టల్ యూరప్. చిన్న జిల్లా ఆర్కైవ్‌లు కూడా వీటిలో పడతాయి.
5. గాలికా, ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్ (స్కాన్ చేసిన పుస్తకాల ఆన్‌లైన్ లైబ్రరీలు). పాత పత్రికలు, ప్రదర్శన కేటలాగ్‌లు, అమ్మకపు కేటలాగ్‌లు.
6. పాత వార్తాపత్రికలు. అమెరికాకు క్రానిక్లింగ్ అమెరికా, ఆస్ట్రేలియాకు ట్రోవ్, న్యూజిలాండ్‌కు పేపర్స్ పాస్ట్. మూడూ ఉచితమే.

వెనిస్ గాజు అయితే జార్జో చీనీ ఫౌండేషన్‌లోని గాజు అధ్యయన కేంద్రం, ఐర్లాండ్ స్టెయిన్డ్ గ్లాస్ అయితే డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ లైబ్రరీ (క్లార్క్ స్టూడియో రికార్డులు), నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఐర్లాండ్ (ఆన్ టూర్ గ్లినా స్టూడియో ఆర్కైవ్) ముందు చూడండి.

వెతికే మాటల గురించి కూడా చెప్పాలి. కేటలాగ్ రాసినవాళ్ళకు గాజు గురించి తెలియాలని ఏమీ లేదు. స్టెయిన్డ్ గ్లాస్ అని ఉండాల్సిన చోట "మెమోరియల్ విండో", "లెడెడ్ లైట్స్", "డెకరేషన్", ఒక్కోసారి ఉత్త "డ్రాయింగ్స్, రోల్డ్" అని రాసి వదిలేస్తారు. ఆ దేశపు భాషలో కూడా వెతకాలి. ఫ్రెంచ్‌లో గాజు పనివాడిని "వెర్రియే" అనీ కిటికీని "విత్రాయ్" అనీ అంటారు, జర్మన్‌లో గాజు చిత్రకళ "గ్లాస్‌మాలెరై". ఈ మాటలను ఆ భాష లిపిలోనే టైప్ చేసి, స్టూడియో పేరుతో కలిపి వెతకండి.

## 6. ఫైండింగ్ ఎయిడ్‌ను చివరి నుంచి చదవండి

ఫైండింగ్ ఎయిడ్ అంటే ఒక సేకరణలో ఏ పెట్టెలో ఏముందో చెప్పే జాబితా. అందరూ మొదట్లో ఉండే జీవిత చరిత్ర చదివి, పేరు కోసం వెతికి మూసేస్తారు. నేను ముందు చివర్లో ఉండే "వర్గీకరించనివి", "పెద్ద సైజువి", "ఇతరాలు" చూస్తాను. గాజు వాళ్ళ కార్టూన్లు (కిటికీ ఎంత ఉంటుందో అంత సైజులో వేసిన పూర్తి బొమ్మలు) మామూలు పెట్టెల్లో పట్టవు కాబట్టి ఆ పెద్ద సైజు జాబితాలోకే వెళ్తాయి.

చూడాల్సినవి:

- మొత్తం ఎన్ని అడుగులు లేదా మీటర్లు (సేకరణ ఎంత పెద్దదో దీన్నిబట్టే తెలుస్తుంది)
- ఎవరు ఇచ్చారు, ఎప్పుడు (ఇంకా కొన్ని వాళ్ళ దగ్గరే ఉండొచ్చు)
- "సంబంధిత సామగ్రి" అన్న పేరా (ఇంకో సంస్థలో మిగతా భాగం ఎక్కడుందో ఇక్కడే రాస్తారు)
- చూడటానికి ఆంక్షలు ఏమైనా ఉన్నాయా
- వేరే చోట భద్రపరిచారా (అలా అయితే కొన్ని రోజుల ముందే అడగాలి)

## 7. ఆర్కైవిస్టుకు రాసే ఉత్తరం

ఈ ఉత్తరం బాగా రాస్తే సగం పని అయిపోయినట్టే. పొడుగ్గా రాయకండి. ఈ క్రమంలో వెళ్ళండి, ఏ భాషలో రాసినా సరే:

"నమస్కారం. నేను ఫలానా గాజు డిజైనర్ 1921–1928 మధ్య చేసిన కిటికీల గురించి పరిశీలిస్తున్నాను. మీ సేకరణలో పెట్టె 4, ఫోల్డర్ 12లో కమిటీ ఉత్తరాలు ఉన్నట్టు ఫైండింగ్ ఎయిడ్‌లో చూశాను. వాటిలో ఈ స్టూడియో పేరు ఉందో లేదో తెలుసుకోవాలి. ఇప్పటిదాకా చూసినవి: (రెండు మూడు పేర్లు). స్వయంగా రాలేను, స్కాన్ చేయించుకోవడానికి పద్ధతి, ఖర్చు చెప్పగలరా? ఇదే విషయం మీద వర్గీకరించని కాగితాలు ఇంకేమైనా ఉంటే దయచేసి తెలియజేయండి."

ఆ ఆఖరి వాక్యం మాత్రం వదలొద్దు. కేటలాగ్‌కు ఎక్కని పెట్టెల సంగతి ఆర్కైవిస్టు మనసులో మాత్రమే ఉంటుంది, మీరు అడిగితేనే చెబుతారు.

జవాబు రాలేదని టెన్షన్ పడకండి. చిన్న సంస్థల్లో ఒక్కరే అన్ని పనులూ చూసుకుంటారు. మూడు వారాలు ఆగి, పాత ఉత్తరం కిందనే మర్యాదగా ఒక్క లైను రాయండి.

## 8. పేటెంట్లు, డిజైన్ రిజిస్టర్లు, వ్యాపార పత్రికలు

ఫ్యాక్టరీ గాజు మీద పనిచేసేవాళ్ళకు ఇది బంగారు గని. బ్రిటన్‌లో రిజిస్టర్ చేసిన డిజైన్ల బొమ్మలు 1842–1883 కాలానికి నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 43 అనే వరుసలో, ఎవరి పేరున ఉన్నాయో చెప్పే రిజిస్టర్లు బీటీ 44లో ఉంటాయి. 1884 నుంచి 1908 దాకా అయితే బీటీ 50, బీటీ 51. మీ ముక్క మీది నంబరుతో ముందు రిజిస్టర్, తర్వాత బొమ్మ. ఈ వరుస తప్పొద్దు.

అక్కడ దొరికే పేరు డిజైన్ సొంతదారుది, గీసినవాళ్ళది కాకపోవచ్చు. సాధారణంగా కంపెనీ పేరే ఉంటుంది.

అమెరికాలో డిజైన్ పేటెంట్‌లు వేరే నడుస్తాయి, వాటిలో గీసిన వ్యక్తి పేరే ఉంటుంది. గూగుల్ పేటెంట్స్‌లో పాతవాటిని పేరుతో వెతికితే స్కానింగ్ తప్పుల వల్ల చాలా జారిపోతాయి. పేరుతో రాకపోతే తేదీతో, కంపెనీ పేరుతో ప్రయత్నించండి.

వ్యాపార పత్రికల్లో ప్రకటనలు చదవండి. వ్యాసాల్లో పొగడ్త ఎక్కువ, ప్రకటనల్లో సమాచారం ఎక్కువ: కొత్త నమూనా పేరు, నంబరు, షోరూమ్ చిరునామా, ఏజెంటు పేరు.

## 9. కుటుంబాలతో, స్టూడియో వారసులతో మాట్లాడేటప్పుడు

ఇక్కడ తొందర పనికిరాదు. వాళ్ళకు అది పరిశోధన సామగ్రి కాదు, తాతగారి జ్ఞాపకం. మొదటి ఉత్తరంలో ఏమీ అడగకండి. మీరెవరో, ఆ పని మీద మీకెందుకు ప్రేమ కలిగిందో, ఇప్పటిదాకా ఏం తెలుసుకున్నారో చెప్పండి, మీకు దొరికిన కాగితం కాపీ ఒకటి జతచేయండి. ఇచ్చిన తర్వాతే అడగాలి.

చూడనిస్తే ఇవి పాటించండి:

- పెట్టెలో కాగితాలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే ఫోటో తీయండి, సర్దకండి
- వెనక వైపు కూడా తీయండి. ఫోటోల వెనకే పేర్లు రాసి ఉంటాయి
- రబ్బరు బ్యాండ్లు, పిన్నులు తీసే ముందు అడగండి
- వాళ్ళు చెప్పే కబుర్లు అనుమతితో రికార్డు చేసి, తేదీ వేసుకోండి
- ఇంటికి తీసుకెళ్ళమని ఇచ్చినా తీసుకోకండి

చుట్ట చుట్టి మూలన పెట్టిన పాత కార్టూన్‌ను మాత్రం బలవంతంగా విప్పొద్దు. ఎండిన కాగితం మడత దగ్గర పెళుసుగా విరిగిపోతుంది. నేను ఒకసారి ఒక ఇంట్లో గోధుమ రంగు కాగితం చుట్ట చూశాను, బొగ్గుతో గీసిన రెక్కలు అంచున కొద్దిగా కనబడుతున్నాయి. విప్పాలని చేతులు ఎంత లాగాయో! ఆగి, కాగితాల మరమ్మతు తెలిసినవాళ్ళను పిలిపించాక విప్పితే, అంచున పెన్సిల్‌తో "ముఖం మళ్ళీ వేయాలి" అని, కింద రెండు అక్షరాలు కనిపించాయి. ఆ రెండు అక్షరాలు స్టూడియో యజమానివి కావు. ముఖాలు వేసింది ఇంకొకరని తెలిసింది అప్పుడే. నేనే లాగి విప్పి ఉంటే ముందు ఊడిపోయేది ఆ అంచే.

## 10. రీడింగ్ రూమ్‌లో ఒక రోజు

ముందు రోజు సిద్ధం చేసుకోవాల్సినవి:

- గుర్తింపు కార్డు, రిజిస్ట్రేషన్
- పెన్సిళ్ళు (పెన్ను సాధారణంగా అనుమతించరు)
- ఛార్జర్, ఫ్లాష్ ఆపేసిన కెమెరా లేదా ఫోన్
- పెట్టెల నంబర్ల జాబితా, ముఖ్యమైనవి పైన
- చిన్న స్కేలు బొమ్మ ఉన్న కాగితం (ఫోటోలో సైజు తెలియడానికి, అనుమతి ఉంటేనే)

కూర్చోగానే మొదటి పెట్టె మొత్తం ఒకసారి తిరగేయండి, ఏమీ ఫోటో తీయకుండా. ఎక్కడ సరుకు ఉందో తెలిశాక అప్పుడు మొదలుపెట్టండి. ప్రతి ఫోల్డర్‌కూ ముందు ఫోల్డర్ చీటీ ఫోటో, తర్వాత లోపలి కాగితాలు. ఈ చిన్న అలవాటు లేక నేను చాలా ఫోటోలు పోగొట్టుకున్నాను. ఫోటోలు ఉన్నాయి, అవి ఎక్కడివో తెలియదు!

జాబ్ కార్డ్ దొరికితే నిదానంగా చదవండి. అరచేయంత కార్డు మీద చాలా ఉంటుంది: పని నంబరు, చేయించుకున్నవారి పేరు, కిటికీ ఏ గోడలో ఎన్నోది, కొలతలు, ఒప్పుకున్న ధర, ఎవరి జ్ఞాపకార్థం, కింద రాయాల్సిన మాటలు, బిగించిన తేదీ. కొన్ని స్టూడియోల్లో గీసినవాళ్ళు, రంగు వేసినవాళ్ళు, సీసం బిగించినవాళ్ళ ఇనిషియల్స్ కూడా వేసేవారు. ఆ పని నంబరే తాళంచెవి. అదే నంబరు కార్టూన్ చుట్ట మీద, ఫోటో నెగెటివ్ కవరు మీద, లెడ్జర్‌లో మళ్ళీ కనిపిస్తుంది. పేరుతో కాక ఆ నంబరుతో మిగతావాటిని పట్టుకోండి.

సాయంత్రమే ఫైళ్ళ పేర్లు మార్చండి: సంస్థ, సేకరణ, పెట్టె, ఫోల్డర్, కాగితం వరుస సంఖ్య. రేపు చేద్దామంటే ఆ రేపు రాదు.

## 11. "ఇది ఆయనదే" అనే ముందు

కనీసం రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన రుజువులు కలవాలి. స్టూడియో కార్డు ఒకటి, చేయించుకున్నవాళ్ళ రశీదు ఒకటి, అలా. ఒక వార్తాపత్రిక రాసింది, దాన్ని చూసి ఇంకో పత్రిక రాసింది అంటే అది ఒక్క రుజువే.

స్టూడియో పేరుకూ మనిషి పేరుకూ తేడా గుర్తుంచుకోండి. ఐర్లాండ్ స్టెయిన్డ్ గ్లాస్ కళాకారుడు హ్యారీ క్లార్క్ 1931లో చనిపోయాడు, ఆయన పేరుతో ఉన్న స్టూడియో 1973 దాకా పనిచేసింది. ఆ పేరున్న ప్రతి కిటికీ ఆయన చేతి పనే అనుకుంటే నలభై ఏళ్ళ పాటు వేరేవాళ్ళు పడ్డ కష్టాన్ని చెరిపేసినట్టే. నాకు ఈ విషయంలో చాలా పట్టింపు ఉంది.

నోట్స్‌లో మూడు మాటలే వాడండి: "రుజువైంది", "అవకాశం ఉంది", "ఎవరో అన్నారు". ప్రతి వాక్యం పక్కనా వీటిలో ఒకటి రాయండి.

## 12. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణ

వేలం కేటలాగ్ వివరణను రుజువుగా తీసుకోవడం. అమ్మేవాళ్ళు రాసింది అది. అందులో ఇచ్చిన పాత యజమానుల పేర్లు, ప్రదర్శనల పేర్లు తీసుకుని వాటి అసలు కాగితాలు వెతకండి.

డ్రాయింగ్ ఉంది కాబట్టి కిటికీ కూడా ఉందనుకోవడం. చాలా డిజైన్లు ఒప్పుకోకుండా వెనక్కి వచ్చాయి. రశీదు గానీ, బిగించిన తేదీ గానీ, భవనం ఫోటో గానీ దొరకాలి.

కిటికీ ఇప్పుడున్న చోటే మొదట పెట్టారనుకోవడం. భవనాలు కూల్చినప్పుడు గాజును తీసి వేరే చోట బిగిస్తారు. కొలతలు జాబ్ కార్డ్‌తో సరిపోల్చండి.

ఏమీ దొరకలేదని వదిలేయడం. 4వ అడుగుకు వెనక్కి వెళ్ళి, ఇంకా అడగని వాళ్ళెవరో చూడండి. దాదాపు ప్రతిసారీ చేయించుకున్నవాళ్ళ ఫైళ్ళు మిగిలిపోయి ఉంటాయి. వరదలు, మంటల వల్ల పోయినవీ ఉంటాయి. 1972 జూన్‌లో వచ్చిన వరదలో కార్నింగ్ మ్యూజియం లైబ్రరీయే మునిగింది. తడిసిన పుస్తకాలను గడ్డకట్టించి కాపాడుకున్నారు. మీరు వెతికే ఆర్కైవ్‌కు అలాంటి చరిత్ర ఉందేమో ముందే అడిగితే, లేనిదాని కోసం నెలలు పోగొట్టుకోరు.

ప్రచురణ హక్కులు చూసుకోకపోవడం. కాగితం ఆర్కైవ్‌ది అయినంత మాత్రాన హక్కు వాళ్ళది కాదు. చాలా దేశాల్లో రచయిత లేదా కళాకారుడు చనిపోయాక 70 ఏళ్ళు, కొన్నిటిలో 60 లేదా 50 ఏళ్ళు హక్కులు వారసులకు ఉంటాయి. ఉత్తరం హక్కు రాసినవాళ్ళది, అందుకున్నవాళ్ళది కాదు. ఫోటో తీయడానికి అనుమతి వేరు, అచ్చు వేయడానికి అనుమతి వేరు, రెండూ రాతలో తీసుకోండి.

## 13. తిరిగి ఇచ్చేది

పని అయ్యాక ప్రతి ఆర్కైవ్‌కూ ఒక పేజీ పంపండి: మీరు గుర్తుపట్టిన ఫోటోలు, సరిచేయాల్సిన తేదీలు, "తెలియని డిజైనర్" అని ఉన్నచోట ఉండాల్సిన పేరు, ఆ మాటకు మీ దగ్గరున్న రెండు రుజువులు. కుటుంబానికి కూడా ఒక కాపీ. పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు, కాగితం వరుస సంఖ్య మూడూ రాయడం మర్చిపోకండి, లేకపోతే వాళ్ళు కేటలాగ్‌లో దిద్దలేరు.